మనస్సాక్షికి నచ్చే ఉద్యోగం కోసం ఛత్తీస్‌గఢ్ వెళ్లాలా, శ్రీకాకుళంలోనే ఉండిపోవాలా?

ప్రశ్న: నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. నేను జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివి, శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో నాలుగున్నరేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నా భర్తకు ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గరలో మోటారు వైండింగ్ షాపు ఉంది. మా అమ్మాయి ఆరో తరగతి పూర్తిచేసింది, జూన్‌లో ఏడులోకి వెళుతుంది. మా అత్తగారు రణస్థలం దగ్గర సొంత ఊళ్లో డెబ్బై సెంట్ల పొలం చూసుకుంటూ ఒక్కరే ఉంటున్నారు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక ట్రస్టు నడుపుతున్న గ్రామీణ ఆసుపత్రిలో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. ఇక్కడ నా జీతం ఇరవై ఎనిమిది వేలు, అక్కడ పంతొమ్మిది వేలు, దానితోపాటు ఉండటానికి క్వార్టరు, రెండు పూటలా మెస్ భోజనం. జీతం తగ్గుతున్నా వెళ్లాలని ఎందుకు అనిపిస్తున్నదో చెప్పకపోతే నా ప్రశ్న మీకు అర్థం కాదు.

పని భారం నాకు కొత్త కాదు. ఒక షిఫ్టులో ఎందరు రోగులు వచ్చినా, ఒక్కొక్కరి చేతి ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి శస్త్రచికిత్సతో కలిపిన రక్తనాళం) మీద రెండు వేళ్లు పెట్టి లోపలి అదురు తెలుస్తున్నదో లేదో చూసి, బరువు తూచి, నాలుగు గంటల పాటు యంత్రం పక్కన నిలబడటం నాకు ఇష్టమైన పనే. నేను భరించలేకపోతున్నది దాని చుట్టూ జరిగే వ్యవహారం. రోగిని పంపినందుకు పల్లెలోని ఆర్‌ఎంపీకి కమీషన్ వెళుతుంది, ఆ కమీషన్ తిరిగి రోగి బిల్లులోనే ఏదో ఒక పరీక్ష పేరుతో చేరుతుంది. ఇంటికి పంపదగిన మనిషిని ఇంకో రాత్రి ఉంచమంటారు. అన్నిటికన్నా నన్ను కుంగదీసేది కేసు షీటు. రెండు గంటలకోసారి చూసి రాయవలసిన బీపీ, నాడి అంకెలను తెల్లవారుజామున ఒకేసారి వరుసగా నింపమంటారు. రాత్రంతా ఒక్క నర్సుకు అన్ని పడకలు అప్పగిస్తే చూడటం ఎలాగూ కుదరదు, ఆ సంగతి నింపమనేవారికీ తెలుసు. నేను కాదంటే పక్కనున్న అమ్మాయి నింపుతుంది, ఆ అమ్మాయి జీతం నాకన్నా తక్కువ.

ట్రస్టు ఆసుపత్రిలో కమీషన్లు లేవని, మందులు జెనరిక్ పేర్లతోనే రాస్తారని, నర్సులే అడవి పల్లెలకు వెళ్లి చిన్న క్లినిక్‌లు నడుపుతారని అక్కడ పనిచేసిన ఒక స్నేహితురాలు చెప్పింది. నా భర్త "నీకు మనశ్శాంతి లేకపోతే నా షాపు ఎందుకు" అన్నారు కానీ, వేసవిలో బోరు మోటార్లు కాలిపోయి రైతులు బారులు తీరే ఆ షాపును పదేళ్లు కష్టపడి నిలబెట్టుకున్నారని నాకు తెలుసు. మా ఊళ్లో వారి సంగతి వేరు. చెన్నైకో హైదరాబాదుకో ఎక్కువ కూలికి వెళతామంటే సంచి సర్ది పంపే ఊరు, తక్కువ జీతానికి పొరుగు రాష్ట్రం వెళతామంటే ఏదో దాస్తున్నామని అనుమానిస్తున్నది.

నా ప్రశ్న ఇది. నా ఒక్కదాని మనస్సాక్షి కోసం కుటుంబమంతా రాష్ట్రం మారడం సమంజసమేనా? మారితే అమ్మాయి చదువుకు, మా హక్కులకు ఏ విధంగా నష్టం కలుగుతుంది? ఇలాంటి మార్పు చేసినవారు, చేయబోయి మానుకున్నవారు చెబితే మేలు.


జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం

అమ్మా, మనస్సాక్షి సంగతి మీరూ మీ ఆయనా తేల్చుకోవలసిందే, అందులో తలదూర్చే వయసు నాకున్నా అర్హత లేదు. చదువు విషయంలో మాత్రం ఉద్యోగ కాలమంతా స్టడీ సర్టిఫికెట్లు రాసిచ్చినవాణ్ని కాబట్టి కొంత చెప్పగలను.

మన రాష్ట్రంలో రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు రెండున్నాయి. ఒకటి 1974 నాటిది, కళాశాల ప్రవేశాలకు సంబంధించినది. రెండోది 1975 నాటిది, ప్రభుత్వోద్యోగాలకు సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటిగా అనుకొని తరవాత విచారించిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ప్రవేశాల ఉత్తర్వు ప్రకారం, ఏ పరీక్ష ఆధారంగా సీటు అడుగుతున్నారో ఆ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంజనీరింగుకైనా మెడిసిన్‌కైనా ఆధారం ఇంటర్మీడియట్ కాబట్టి తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఇక్కడ చదివితే మీ అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో స్థానికురాలే అవుతుంది. సీట్లలో 85 శాతం స్థానికులకే కేటాయిస్తారు. మిగిలిన 15 శాతానికి, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉన్నా పోటీపడవచ్చు కానీ, అక్కడ పోటీ ఎంత ఇరుకో వేరే చెప్పనక్కరలేదు.

ఉద్యోగాల లెక్క దీనికి భిన్నం. అక్కడ నాలుగేళ్లను పదో తరగతి నుంచి వెనక్కి లెక్కిస్తారు. అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మీ అమ్మాయి ఏడో తరగతిని బిలాస్‌పూర్‌లో చదివి ఎనిమిదికి తిరిగి వచ్చినా ఆ వరుస తెగిపోతుంది. రేపు డీఎస్సీ రాసినా, గ్రూప్ పరీక్షలు రాసినా, ఆ ఒక్క ఏడాది స్టడీ సర్టిఫికెట్టే అడ్డం వస్తుంది. అందుచేత మీరు వెళ్లాలా వద్దా అన్నదానికన్నా ముందు, అమ్మాయి వెళ్లాలా వద్దా అన్నది విడిగా ఆలోచించండి. ఉత్తర్వులకు సవరణలు వస్తూ ఉంటాయి, కనుక ఆయా ఏడాది నోటిఫికేషన్‌ను చూసుకోవడం తప్పదు.

రిజర్వేషన్ మాట కూడా చెబుతాను. మీ సామాజిక వర్గం నాకు తెలియదు, తెలియనక్కరలేదు. బీసీ, ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మన రాష్ట్రంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రి వెంట బొంబాయి వెళ్లి, అక్కడి మెడికల్ కళాశాలలో షెడ్యూల్డు తెగల సీటు అడిగిన విద్యార్థి కేసులో, అంటే మర్రి చంద్రశేఖరరావు కేసులో, వలస వచ్చిన రాష్ట్రంలో ఆ హోదా వర్తించదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే సొంత రాష్ట్రంలోనూ, కేంద్ర సంస్థల్లోనూ ఆ హక్కు పోదు. మీ పాప కులధ్రువీకరణ పత్రం శ్రీకాకుళం జిల్లా నుంచే తీసుకోవాలి, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ కోటా మాత్రం ఆశించకూడదు.


జవాబు 2: ఉద్దానం కొబ్బరితోట, పలాస

అక్కా, కొంచెం నిష్ఠురంగా రాస్తున్నాను, మన్నించండి. మా నాన్నగారు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు. మా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇలాంటి ఇల్లు లేని వీధి అరుదు. కారణం ఇంతవరకు తేలని కిడ్నీ జబ్బు మన జిల్లాలో ఉంది. దాని కోసం వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, ఆసుపత్రిని ప్రారంభించారు, డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. భవనం, నీళ్లు, పింఛను అన్నీ ప్రభుత్వం ఇవ్వగలదు కానీ, సూది గుచ్చేటప్పుడు ఫిస్టులా పాడుకాకుండా గుచ్చగలిగిన చేయి కావాలి. ఆ చేయి మీకుంది. అలాంటి చేతికి ఉన్న విలువ ఏమిటో, కొత్త టెక్నీషియన్ వచ్చిన రోజు నాన్నగారి ముఖం చూస్తే తెలుస్తుంది. ఒకసారి సూది పక్కకు పోయి చేయి మోచేతి దాకా నల్లగా వాచింది, ఆ తరవాత నెల రోజులు మెడలో గొట్టంతో గడిపారు.

మీరు వదిలి వెళ్లాలనుకుంటున్నది ఆ యాజమాన్యాన్నా, ఈ జిల్లానా? ఈ రెండూ మీ ప్రశ్నలో కలిసిపోయాయి. కమీషన్ల మీద కోపంతో మీరు బిలాస్‌పూర్ వెళితే, ఇక్కడ కమీషన్లు ఆగవు, ఆ కేసు షీటును పక్కనున్న అమ్మాయే నింపుతుంది, ఆ మాట మీరే రాశారు. ఇక్కడే ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టుకు దరఖాస్తు చేయలేదా? సేవ చేయాలనుకునేవారికి అడవి పల్లెలే ఎందుకు కనిపిస్తాయో, ఇచ్ఛాపురం బస్సెక్కితే వచ్చే పల్లెలు ఎందుకు కనిపించవో నాకు నిజంగానే అర్థం కాదు.

ఇంకో సంగతి. మీరు నేర్చుకున్నది డయాలసిస్. అక్కడి ట్రస్టు ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రం ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే నాలుగున్నరేళ్ల అనుభవం అటకెక్కుతుంది.


జవాబు 3: వేగావతి ఒడ్డు, బొబ్బిలి

చెల్లీ, నేను కూడా నర్సునే. పెళ్లికి ముందు కొన్నేళ్లు, పెళ్లయ్యాక కొన్నేళ్లు ఛత్తీస్‌గఢ్‌లో పనిచేసి, మా మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు తిరిగి వచ్చాను. మీకు అవకాశం ఇచ్చిన ట్రస్టు ఏదో నాకు తెలియదు. ఆ ప్రాంతంలో ఈ తరహా ఆసుపత్రులకు మంచి సంప్రదాయమే ఉంది. బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు కలిసి మొదలుపెట్టిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఉంది. దల్లీ రాజహరాలో ఇనుప గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో తమ కూలి డబ్బుతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి ఉంది. కాబట్టి మీ స్నేహితురాలు చెప్పినది కల్పన అయ్యుండదు.

అక్కడ పని ఎలా ఉంటుందో చెబుతాను. మన దగ్గర నర్సు డాక్టరు రాసినది అమలు చేస్తుంది. అక్కడి ఉపకేంద్రంలో డాక్టరు వారానికి ఒకసారి వస్తే గొప్ప, మిగతా రోజులు నర్సే చూసి, నిర్ణయించి, మందిచ్చి, పంపవలసినవారిని పంపుతుంది. ముప్పై అయిదు కిలోల బరువున్న పెద్ద మనిషి క్షయతో వస్తాడు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లలు కీళ్లు పట్టుకొని ఏడుస్తూ వస్తారు. వానలు మొదలైతే మెదడుకెక్కిన మలేరియా, కట్లపాము కాట్లు. కట్లపాము కాటుకు వాపు ఉండదు, నొప్పి ఉండదు, కడుపులో నొప్పి అనో గొంతు పట్టేసిందనో తెల్లవారుజామున తీసుకొస్తారు, కనురెప్పలు వాలిపోవడం చూసి మనమే గుర్తుపట్టాలి. ఒకరాత్రి బైగా అనే గిరిజన తెగకు చెందిన ఒక కుర్రాడి ఛాతీ కదలిక ఆగిపోతుంటే, డాక్టరు గారు జీపులో వచ్చేవరకు నేనూ ఒక ఆయా వంతులవారీగా ఊపిరి అందించే అంబూ బ్యాగును చేత్తో నొక్కుతూ కూర్చున్నాము. అక్కడ కేసు షీటులో లేని అంకె రాయమనేవారు ఉండరు, రాసే తీరికా ఉండదు.

ఇదంతా ఆకర్షణగా కనిపిస్తుంది కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. సేవ అన్న మాట పెద్దది, దాని నీడలో చాలా దాగుతాయి. ఆదివారం సెలవు అడిగితే "మనం ఉద్యోగం చేస్తున్నామా, ఉద్యమం చేస్తున్నామా" అనేవారు కొన్నిచోట్ల ఉంటారు. విరాళం ఆలస్యమైతే జీతం ఆలస్యమవుతుంది. డాక్టర్లు ఢిల్లీ నుంచో విదేశం నుంచో వచ్చి రెండేళ్లు ఉండి వెళ్లిపోతారు, వారికి తిరిగి వెళ్లే చోటు ఉంటుంది, నర్సుకు ఉండదు. అందుకే చేరేముందు సిగ్గుపడకుండా అడగండి. జీతం ఏ తేదీన వేస్తారు, పీఎఫ్ కడతారా, నైట్ డ్యూటీ తరవాతి రోజు సెలవేనా, లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉందా, గత మూడేళ్లలో మానేసిన నర్సులు ఎందుకు మానేశారు. చివరి ప్రశ్నకు తడుముకుంటే మానేసినవారినే వెతికి అడగండి. ఆశయాలు గల సంస్థ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు.

భాష గురించి భయపడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. హిందీ వస్తే డ్యూటీ నడుస్తుంది కానీ రోగి మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, లోపలి పల్లెల్లో గోండులు, బైగాలు. మొదటి ఆరు నెలలు మీ తెలివి సగానికి సగం తగ్గినట్లు ఉంటుంది. బిలాస్‌పూర్‌లో రైల్వే జోన్ కార్యాలయం ఉండటం వల్ల తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి, పండగకు ఒంటరితనం ఉండదు. విజయనగరంలో రాత్రి విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా మర్నాడు బిలాస్‌పూర్‌లో దిగుతారు, హైదరాబాద్ వెళ్లినట్లే అనుకోండి.

పలాస తమ్ముడు అడిగిన ప్రశ్న మంచిదే కానీ, అందులో ఒక అన్యాయం ఉంది. ఎవరి జిల్లా రోగులకు వారే సేవ చేయాలన్న నియమం మనం డాక్టర్లకు పెట్టలేదు. మన జిల్లా వాళ్లు వేరావల్ వెళ్లి చేపలు పడితే, చెన్నై వెళ్లి భవనాలు కడితే ఎవరూ అడగలేదు, ఒక నర్సు వెళతానంటే మాత్రం ఉద్దానం గుర్తుకొస్తున్నది.


ప్రశ్న అడిగినవారి సమాధానం: నాగావళి గట్టు, శ్రీకాకుళం

మాస్టారికి, బొబ్బిలి అక్కకు కృతజ్ఞతలు. పలాస తమ్ముడి మాటలు గట్టిగానే తగిలాయి, అయినా అడగవలసినదే అడిగారు, కాబట్టి దాచకుండా చెబుతాను.

ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టులకు నేను దరఖాస్తు చేశాను. మార్కుల మెరిట్‌తోనే ఎంపిక కావడం వల్ల నా పేరు జాబితాలో కిందికి పోయింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని డయాలసిస్ కేంద్రాలను చాలాచోట్ల ప్రైవేటు సంస్థలే ఒప్పందం మీద నడుపుతున్నాయి. అక్కడ అడిగితే ఇప్పటి జీతంలో మూడింట రెండు వంతులు ఇస్తామన్నారు. జీతం తగ్గడానికి నేను ఛత్తీస్‌గఢ్‌కే ఒప్పుకున్నప్పుడు పలాసకు ఎందుకు ఒప్పుకోకూడదన్న ప్రశ్న నాకు నేను వేసుకోలేదు, మీరు వేశారు. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. ఇక్కడ నేను ఏ ఆసుపత్రికి వెళ్లినా అదే ఆర్‌ఎంపీలు, అదే ల్యాబులు, అదే కన్సల్టెంట్లు ఉంటారు. చిన్న జిల్లా. ఒకచోట ఎదురుమాట్లాడిన నర్సు పేరు ఇంకోచోటికి ముందే చేరుతుంది. ప్రభుత్వ కేంద్రంలో కమీషన్ గొడవ అంతగా ఉండదన్నది నిజమే, అది నేను ఇంకా లోతుగా విచారించాలి. ట్రస్టు ఆసుపత్రిలో డయాలసిస్ లేదు. ఫోన్ చేసి అడిగాను, పెట్టే ఆలోచన ఉందన్నారు.

మాస్టారు చెప్పిన ఏడో తరగతి సంగతి విన్నాక మా ఇంట్లో మాట మారిపోయింది. అమ్మాయిని ఇక్కడే ఉంచాలని ఇద్దరమూ అనుకుంటున్నాము. అప్పుడు నేనొక్కదాన్నే వెళ్లాలి, లేదా ఎవరూ వెళ్లకూడదు. నేను వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ, అమ్మాయి తండ్రి దగ్గర ఉండి చదివితే స్థానికతకు ఏమైనా ఇబ్బంది ఉంటుందా? మా అత్తగారిని పట్నం తీసుకురావాలనుకుంటే ఆవిడకు వచ్చే వృద్ధాప్య పింఛను ఏమవుతుంది? నేను ఈ ఉద్యోగం మానేటప్పుడు రావలసినవి ఏమిటి?


జవాబు 4: జమాఖర్చుల గుమాస్తా, విజయనగరం

నెల్లిమర్ల వైపు ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది లెక్కలు చూస్తాను కాబట్టి మూడో ప్రశ్నకు జవాబిస్తున్నాను. నాలుగున్నరేళ్లు అన్నారు కదా, ఇప్పుడు రాజీనామా ఇవ్వకండి. వరుసగా ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, ఎన్నేళ్లు చేస్తే అన్ని రెట్లు లెక్కకడతారు. మీ జీతం ఇరవై ఎనిమిది వేలైనా ప్రైవేటు ఆసుపత్రుల్లో బేసిక్‌ను తక్కువ చూపిస్తారు. బేసిక్ పద్నాలుగు వేలు అనుకుంటే ఐదేళ్లకు నలభై వేల పైచిలుకు. ఆరు నెలలు ఆగితే వచ్చే డబ్బు, ఆగకపోతే పోయే డబ్బు. పేస్లిప్పులు, నియామకపత్రం, హాజరు వివరాలు ఇప్పుడే కాపీలు తీసి ఇంట్లో పెట్టుకోండి, రాజీనామా ఇచ్చాక అడిగితే ఫైలు దొరకదంటారు. పీఎఫ్‌ను బయటకు తీయకండి. ఉద్యోగం మారినా యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల సంఖ్య) ఒకటే కాబట్టి కొత్త చోట పీఎఫ్ ఉంటే అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు లెక్కలో ఈ ఏళ్లు కలుస్తాయి.

అత్తగారి పింఛను గురించి. ఆవిడను శ్రీకాకుళం తెచ్చుకుంటే రాష్ట్రం మారడం లేదు, కాబట్టి గ్రామ/వార్డు సచివాలయంలో అడిగి బదిలీ పెట్టించుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్ తీసుకెళ్లి నెలల తరబడి ఉంచితే మాత్రం శాశ్వత వలసగా రాసేస్తారు, ఆ పింఛను మళ్లీ పునరుద్ధరించుకోవడం పెద్ద పని. అన్నట్టు, స్కూటరు అక్కడికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే, ఏడాదికి మించి వేరే రాష్ట్రంలో ఉంచిన బండికి అక్కడి రిజిస్ట్రేషన్ చేయించాలి, అక్కడి పన్ను కట్టాలి. పాత బండి అయితే ఇక్కడే వదిలేయడం నయం.

షాపు మాట మీరు అడగలేదు, అయినా అంటాను. మోటారు వైండింగ్‌లో సరుకు రాగి తీగ కాదు, రైతు నమ్మకం. ఒక వేసవి మూసి ఉంచితే ఆ గిరాకీ పక్క షాపుకు పోతుంది, మళ్లీ రాదు. మీ ఆయన ఇక్కడే ఉండటం నాకు తెలివైన పనిగా తోస్తున్నది.


విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం

అమ్మా, స్థానికతకు చూసేది పిల్ల చదివిన బడి ఎక్కడుందన్నదే. తల్లి ఎక్కడ ఉద్యోగం చేస్తున్నదన్నది ఆ నాలుగేళ్ల లెక్కలోకి రాదు. మధ్యలో బడి మారినా ఫరవాలేదు, స్థానిక ప్రాంతం దాటకుండా, ఏడాది ఖాళీ లేకుండా ఉంటే చాలు. ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్‌ను అప్పటికప్పుడే తీసుకోండి, ప్రైవేటు బళ్లు మూతపడితే రికార్డు కోసం విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది.

అయితే పన్నెండేళ్ల ఆడపిల్ల తల్లి లేని ఇంట్లో ఉండబోతున్నది. అందరూ రూళ్లు చెప్పాం కానీ ఈ సంగతి ఎవరమూ రాయలేదు. అత్తగారిని పట్నం తేవాలన్న మీ ఆలోచన అందుకేనని ఊహిస్తున్నాను. ఆవిడ పొలం వదిలి వస్తారా, వస్తే ఏడు రోడ్ల జంక్షన్ రొదలో ఇముడుతారా అన్నది ముందు ఆవిడనే అడగండి. పిల్లనూ అడగండి. ఈ చర్చలో ఇంతవరకు వారిద్దరి అభిప్రాయం ఏమిటో మాకు తెలియలేదు.


ఉద్దానం కొబ్బరితోట, పలాస

అక్కా, మీ జవాబు చదివాను. బొబ్బిలి అక్క అన్నదాంట్లో న్యాయం ఉంది, మీ మీద నాకు ఏ హక్కూ లేదు. కానీ మీరే "లోతుగా విచారించాలి" అన్నారు కదా, ఆ విచారణను బిలాస్‌పూర్ ప్రయాణానికి ముందు పెట్టుకోండి. ప్రభుత్వ కేంద్రంలో రోగి నుంచి బిల్లు వసూలు చేసే బల్లే ఉండదు. ఇబ్బందులు ఉన్నాయి, యంత్రం ఆగిపోతే బాగుచేసేవారు రావడానికి రోజులు పడుతుంది, సిబ్బంది చాలరు. మీకు బాధ కలిగించేది కమీషనైతే అది అక్కడ తక్కువ. ఏ ఊరి కేంద్రమైనా రండి, రోగుల తరఫున ఉన్నవాళ్లం అక్కడ ఏం జరుగుతున్నదో ఉన్నదున్నట్లు చెబుతాము.


ప్రశ్న అడిగినవారు: నాగావళి గట్టు, శ్రీకాకుళం

నిన్న రాత్రి ముగ్గురమూ కూర్చున్నాము, అత్తగారితో ఫోన్‌లో మాట్లాడాము. ఆవిడ వరి కోతలయ్యేవరకు కదలనన్నారు. అమ్మాయి "అమ్మ వెళ్లొచ్చు, నేను మాత్రం బడి మారను" అని తేల్చేసింది. గ్రాట్యుటీ వరకు ఇక్కడే పనిచేయడం, ఈలోగా సెలవు పెట్టి సోంపేట, పలాస కేంద్రాలూ బిలాస్‌పూర్ ఆసుపత్రీ రెండూ స్వయంగా చూడటం అన్నంతవరకు ఒప్పందం కుదిరింది. చూడని అంకెలు రాయనని రాత్రి డ్యూటీ ఇన్‌చార్జికి చెప్పేశాను. చూసిన వేళ రాసి, చూడని గడి ఖాళీగా వదులుతున్నాను. దాని పర్యవసానం ఏమిటో ఈ ఆరు నెలల్లో తెలుస్తుంది.


వేగావతి ఒడ్డు, బొబ్బిలి

మంచి పని చేశారు చెల్లీ. ఖాళీ వదిలిన గడి పక్కన ఆ వేళకు మీరు ఎందరు రోగులను చూస్తున్నారో కూడా రాసి సంతకం పెట్టండి, రేపు ఎవరైనా నిలదీస్తే అదే మీకు రక్ష.

బిలాస్‌పూర్‌ను చూడటానికి ఎండాకాలంలోనో శీతాకాలంలోనో వెళ్లకండి, అప్పుడు ఏ ఆసుపత్రి అయినా ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఆగస్టులో వెళ్లండి. పడకలు చాలక వరండాలో చాపలు పరిచే రోజుల్లో నర్సులతో డాక్టర్లు ఎలా మాట్లాడుతున్నారో, మెస్‌లో అందరూ ఒకే వరుసలో నిలబడుతున్నారో లేదో చూడండి. వెళ్లాలని నిశ్చయించుకుంటే, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రానికి రాజీనామాకు ముందే దరఖాస్తు పెట్టండి. అది చేతికి వచ్చి ఛత్తీస్‌గఢ్ కౌన్సిల్‌లో నమోదయ్యేవరకు అక్కడ మీరు నర్సుగా సంతకం పెట్టడం కుదరదు. అసలు సర్టిఫికెట్లు ఏవైనా మీ ఆసుపత్రివారు తమ దగ్గర పెట్టుకొని ఉంటే ముందు అవి వెనక్కి తీసుకోండి.